కుక్కపిల్లను తెచ్చుకునే ముందు

ఈ నెల ఆరోగ్య పాఠాన్ని ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని చదువుకోవాలని కోరుతున్నాం. కుక్కపిల్ల కావాలని పిల్లలు పట్టుబడుతున్న ఇళ్లలో అయితే తప్పకుండా చదవండి. "దీనికి ఒక పాఠం కూడానా? ఓ గోనెసంచి పరిచి, గిన్నెలో కాసిని పాలు పోస్తే చాలదా?" అని కొందరు అనుకోవచ్చు. మొదటి రాత్రికి ఆ గోనెసంచీ ఆ గిన్నే చాలు. ఆ తరువాత వచ్చే పది పన్నెండు వారాలకు మాత్రం చాలవు. కుక్క కాటుకూ, గీరుడుకూ టీకా కోసం ఆసుపత్రులకు వచ్చేవారిలో వీధి కుక్క కరిచినవారే కాదు, ఇంట్లో పెంచుకుంటున్న కుక్క, పక్కింటివారి కుక్కపిల్ల కరిచినవారు కూడా ఉంటారు. వీరిలో చాలామందికి ఆ కుక్కకు టీకా వేయించారో లేదో చెప్పడం కష్టమవుతుంది.

కుక్కపిల్ల కోసం ఎంత ముందుగా సిద్ధపడాలి అని అడిగితే, కనీసం ఒక నెల అని చెబుతాం. ఆ నెలలో చేయవలసిన పనుల్లో డబ్బుతో కొనేవి తక్కువ, ఇంట్లో మాట్లాడుకొని తేల్చుకోవలసినవి ఎక్కువ.

చిత్తకార్తె లెక్క

ఊరకుక్కలు చిత్తకార్తెలో జతకడతాయని మన పెద్దలందరికీ తెలుసు. ఆ కార్తె అక్టోబరు రెండో వారంలో వచ్చి రెండు వారాలు ఉంటుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. వేళ్ల మీద లెక్క వేసి చూడండి. డిసెంబరు మధ్య నుంచి క్రిస్మస్ వరకు గడ్డివాముల కిందా, చేపల చెరువుల కాపలా పాకల వెనుకా పిల్లలు పుడతాయి. వేరే నెలల్లో పుట్టేవీ ఉంటాయి గాని చలికాలంలో పుట్టేవే ఎక్కువ.

సంక్రాంతి సెలవులకు మనవలు ఊరికి వచ్చేసరికి ఈ పిల్లల వయసు మూడు నాలుగు వారాలు. కళ్లు తెరుచుకొని, తప్పటడుగులు వేస్తూ, బొద్దుగా, ఎత్తుకోవాలనిపించే వయసు. చొక్కాలో దాచుకొని బస్సెక్కించి బందరుకో గుడివాడకో తెచ్చేది సరిగ్గా అప్పుడే. ఆ వయసులో పిల్లను తల్లి నుంచి వేరు చేయకూడదు.

ఇందుకు రెండు కారణాలు. తల్లిపాలు మానే నాటికి అది సొంతంగా తిని అరిగించుకోగలగాలి. నాలుగు వారాల పిల్లకు అది చేతకాదు, ఆవు పాలు పడక విరేచనాలు పట్టుకుంటాయి. రెండో కారణం మన చేతులకు సంబంధించినది. తోబుట్టువులతో కలిసి ఆడుకుంటూ, కొరుక్కుంటూ పెరిగేటప్పుడే కుక్కపిల్ల ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పి కలుగుతుందో నేర్చుకుంటుంది. గట్టిగా కరిస్తే తోటి పిల్ల కీచుమని అరిచి ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. ఈ చదువు మూడో వారం నుంచి ఎనిమిదో వారం వరకు సాగుతుంది. మధ్యలో ఎత్తుకొచ్చిన పిల్లకు ఆ పట్టు తెలియక మన పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. కుక్కపిల్లలను అమ్మేవారు రెండు నెలలు నిండనివాటిని అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాలు కూడా చెబుతున్నాయి.

కాబట్టి క్రిస్మస్‌కు పుట్టిన పిల్ల మీ ఇంటికి రావలసింది ఫిబ్రవరి చివర. సంక్రాంతికి చూసి, నచ్చినదాన్ని గుర్తు పెట్టుకొని, దాని తల్లికి తిండి పెట్టి రండి. మధ్యలో ఉన్న ఆరు వారాలే మీరు సిద్ధపడే కాలం.

లెక్క ఇంకా ముందుకు పోనివ్వండి. రేబిస్ టీకా మొదటి మోతాదు మూడు నెలల వయసులో వేస్తారు. అంటే మార్చి నెలాఖరు. టీకా వేసిన నాడే రక్షణ రాదు, శరీరంలో అది కుదురుకోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అది ఏప్రిల్ నెలాఖరు. ఫిబ్రవరి చివర ఇంటికి వచ్చిన పిల్లకు ఏప్రిల్ చివరి దాకా, అంటే దాదాపు తొమ్మిది వారాల పాటు, రేబిస్ నుంచి నమ్మదగిన రక్షణ లేదన్నమాట. పరీక్షలు అయిపోయి పిల్లలు రోజంతా దానితో ఆడుకునేది కూడా ఆ రోజుల్లోనే.

"పిల్లే కదా" అనే మాట

రేబిస్, అంటే పిచ్చికుక్క వ్యాధి, పెద్ద కుక్కకే వస్తుందనీ, పాలపళ్ల పిల్ల కొరికితే ఏమీ కాదనీ మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. తల్లికి ఆ వ్యాధి ఉన్నా, దారిన పోయే పిచ్చికుక్క పిల్లను ఒకసారి కొరికినా ఆ క్రిమి పిల్లలోకి చేరుతుంది. కుక్కపిల్ల పళ్లు సూదుల్లా సన్నగా ఉంటాయి. అవి చేసే గాటు చిన్నది, రక్తం చుక్క కూడా రాకపోవచ్చు. అందుకే ఎవరూ పట్టించుకోరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. మనుషులకు ఈ వ్యాధి వచ్చిన సందర్భాల్లో నూటికి తొంభై తొమ్మిదింటికి కారణం కుక్కలే. అనుమానం ఉన్న జంతువు కరిచినవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్ల లోపు పిల్లలు. లక్షణాలు కనిపించిన తరువాత ఈ వ్యాధికి మందు లేదనే చెప్పాలి. కరిచిన నాటి నుంచి లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారం, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈ మధ్య కాలంలో మనిషి నిక్షేపంగా ఉంటాడు. మనల్ని మోసం చేసేది ఈ నిదానమే. కానీ ప్రాణం కాపాడుకోవడానికి దొరికే అవకాశం కూడా ఈ నిదానమే.

కుక్కపిల్ల ఇంట్లో అడుగుపెట్టే ముందే ఇంటిల్లిపాదికీ ఈ క్రమం కంఠతా వచ్చి ఉండాలి. పళ్లు దిగినా, గోరు గీరినా, పుండు మీద నాకినా, చొంగ కంట్లోగాని నోట్లోగాని పడినా వెంటనే కుళాయి కిందగాని చెంబుతో ధారగా పోస్తూగాని కడగాలి. గాయమైతే సబ్బు రాసి పదిహేను నిమిషాలు కడగాలి. కంట్లో, నోట్లో పడితే సబ్బు లేకుండా మంచినీళ్లతో బాగా కడగాలి. పదిహేను నిమిషాలంటే మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువసేపు. గడియారం చూసుకోండి. గాయం మీద కారం, సున్నం, కాఫీపొడి, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. ఆ రోజే ఆసుపత్రికి రండి. టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే సీరం కూడా అవసరమవుతుంది. అది ఎక్కడ ఉందో కరిచిన తరువాత వెతుక్కోవడం కన్నా ముందే తెలుసుకొని కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

పది రోజులు కుక్కను గమనించమని చెబుతారు, అది నిజమే. ఆ పది రోజులు టీకా మొదలుపెట్టకుండా ఎదురుచూడమని మాత్రం దాని అర్థం కాదు. టీకా మొదలుపెట్టి కుక్కను గమనిస్తాం. పది రోజుల తరువాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల సంగతి డాక్టరుగారు నిర్ణయిస్తారు.

ఇక్కడ పెద్దవారితో ఒక మాట. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని పిల్లలను భయపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పాత టీకా గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. మన దేశంలో దాన్ని 2004తో ఆపేశారు. ఇప్పుడు వేసేది జబ్బకు. చర్మం పొరలో వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తరువాత 3, 7, 28వ రోజుల్లో వస్తే సరిపోతుంది. బొడ్డు సూదుల కథ చెప్పి భయపెట్టిన ఇంట్లో, కుక్కపిల్ల గీరితే పిల్లవాడు చొక్కా చేయి కిందికి లాక్కుని దాచేస్తాడు. కనుక ఆ కథ మానేసి, "గీరితే వెంటనే చెప్పు, నిన్నూ కొట్టను, కుక్కనూ వదిలేయను" అని మాట ఇవ్వండి. ఈ రెండో మాట చాలా ముఖ్యం. కుక్కపిల్లను తీసుకెళ్లి ఎక్కడో వదిలేస్తారేమోననే భయంతోనే పిల్లలు ఎక్కువగా దాస్తారు.

కుక్కను పెంచుకునే ఇంట్లోని పిల్లలకు కరవక ముందే టీకా వేయించే వీలు కూడా ఉంది. అలా వేయించుకున్నవారికి తరువాత ఎప్పుడైనా కుక్క కరిస్తే రెండు మోతాదులు చాలు, సీరం అవసరం ఉండదు. సీరం దొరకడం కష్టమయ్యే దివిసీమ చివరి ఊళ్లవారు దీని గురించి పిల్లల డాక్టరుగారిని అడగండి.

మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?

కుక్కపిల్ల గురించి అడిగేది పిల్లలే గాని, దానివల్ల ఇబ్బంది పడేవారు ఇంట్లో వేరే ఉంటారు.

షుగర్ వ్యాధి ముదిరి కాళ్లలో స్పర్శ తగ్గినవారు ఉన్నారా? పళ్లు వచ్చే వయసులో కుక్కపిల్ల దొరికినదల్లా కొరుకుతుంది. స్పర్శ లేని వేలిని కొరికినా, అరికాలి పుండును నాకినా వారికి తెలియదు. కుక్క నోట్లో ఉండే క్రిములు అలాంటి పుండులో చేరితే కాలికే ప్రమాదం. "కుక్క నాకితే పుండు మానుతుంది" అనే మాటను దయచేసి నమ్మవద్దు. వారు పడుకునే చోటికి కుక్కపిల్ల రాకుండా తడిక అడ్డం పెట్టాలి, రోజూ రాత్రి ఎవరో ఒకరు దీపం వెలుతురులో వారి పాదాలు చూడాలి. ఆ పని చేసే మనిషి ఇంట్లో లేకపోతే కుక్కపిల్ల ఆలోచన వాయిదా వేసుకోండి.

కర్ర పట్టుకొని నడిచే తాతగారు, అమ్మమ్మగారు ఉంటే కాళ్లకు అడ్డం పడే కుక్కపిల్ల తుంటి ఎముక విరగడానికి కారణం కావచ్చు. మెడలో చిన్న మువ్వ కడితే అది ఎక్కడుందో వినపడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే, తెచ్చుకోక ముందే కుక్క ఉన్న బంధువుల ఇంట్లో రెండు మూడు సార్లు ఒక పూట గడిపి చూడండి. ఆ రాత్రి పిల్లికూతలు పెరిగాయా లేదా గమనించండి. క్యాన్సరు మందులు వాడుతున్నవారు, ప్లీహం తీసేయించుకున్నవారు తమ డాక్టరుగారిని అడగకుండా కుక్కపిల్లను తేవద్దు.

వాకిలి, ఇసుక కుప్ప, ఎలుకల మందు

కుక్కపిల్లల్లో చాలావాటికి పుట్టుకతోనే ఏలికపాములు ఉంటాయి. తల్లి కడుపులో ఉండగానే వాటికి సంక్రమిస్తాయి. కొంకి పురుగులు తల్లిపాల ద్వారా వస్తాయి. ఈ రెండింటి గుడ్లూ దాని మలంతో మన వాకిట్లో పడతాయి. ఏలికపాము గుడ్లు మట్టి చేతులతో పిల్లల నోట్లోకి వెళితే లోపల పిల్ల పురుగులు బయటపడి కాలేయానికి, ఊపిరితిత్తులకు, అరుదుగా కంటికి కూడా చేరతాయి. కొంకి పురుగుల పిల్లలు ఒట్టి కాళ్లతో నడిచేవారి చర్మంలోకి దూరి, పాము పాకినట్టు వంకరటింకరగా ఎర్రని గీత గీస్తాయి. విపరీతమైన దురద పుడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు వాకిట్లో పోసిన ఇసుక కుప్ప ఈ పురుగులకు ఎంతో అనువైనది. అది మెత్తగా, చల్లగా, తేమగా ఉంటుంది. పిల్లలు ఆడుకునేదీ అక్కడే, కుక్కలు కూర్చునేదీ అక్కడే. కుక్కపిల్ల వచ్చేలోగా ఆ కుప్పను వాడేయండి, లేదా పరదా కప్పి ఉంచండి.

అందువల్ల పిల్ల ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే నులిపురుగుల మందు పట్టించాలి. నిజానికి రెండు వారాల వయసు నుంచే ప్రతి రెండు వారాలకు పట్టించవలసిన మందు అది. తల్లిని పెంచుతున్నవారిని అడిగితే సంక్రాంతి నాటికే మొదలుపెట్టవచ్చు. మూడు నెలలు నిండాక నెలకోసారి, ఆరు నెలల తరువాత మూడు నెలలకోసారి పట్టించాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది గనుక పశువుల డాక్టరుగారే చెప్పాలి. మనుషుల మాత్ర సగం విరిచి వేయవద్దు.

ఇక రైతుల ఇళ్ల సంగతి. వరి పొలాల్లో పెట్టే ఎలుకల మందు, గుళికలు, పిచికారీ డబ్బాలు మన ఇళ్లలో తరచు మంచం కిందో ధాన్యం బస్తాల వెనుకో ఉంటాయి. కుక్కపిల్ల మూతి సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. బియ్యపు నూకలో నూనె కలిపి చేసిన ఎలుకల ఎర దానికి పిండివంటతో సమానం. అవన్నీ తాళం వేసే పెట్టెలోకో, మనిషి ఎత్తు అటక మీదికో చేరాలి. ఇది పాకే పసివాళ్లకూ వర్తిస్తుంది, కుక్కపిల్ల పేరుతోనైనా ఆ పని జరిగితే మాకు సంతోషమే. అలాగే గోమార్లు పట్టాయని పొలం మందు నీళ్లలో కలిపి కుక్కను కడిగే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. దానివల్ల కుక్క చనిపోవచ్చు, కడిగిన మనిషికీ వాంతులు, చెమటలు పట్టి ఆసుపత్రి పాలు కావచ్చు.

తిండి విషయంలో రెండు ముక్కలే. మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు, ఉప్పు కారం లేని కోడి మాంసం, కొద్దిగా పెరుగు సరిపోతాయి. రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. కూరలో ఉడికిన కోడి ఎముకలు, చేప ముళ్లు పెట్టవద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం. పండుగ కేకులో వీటిలో రెండైనా ఉంటాయి.

పశువుల డాక్టరుగారిని ముందే కలవండి

పిల్లను తెచ్చిన తరువాత కాక, తేవడానికి ముందే ఒకసారి దగ్గరలోని పశువుల ఆసుపత్రికి వెళ్లి మాట్లాడండి. అడగవలసినవి ఇవి. కుక్కలకు టీకాలు అక్కడ వేస్తారా? మందు అక్కడ ఉంటుందా, మనం కొని తేవాలా? ఏ రోజుల్లో, ఏ వేళలో రావాలి? మొత్తం ఎంత ఖర్చవుతుంది? కొన్నిచోట్ల రేబిస్ టీకా ఉంటుంది గాని పార్వో మొదలైన జబ్బుల టీకా బయట మందుల షాపులో కొనాల్సి రావచ్చు. ఈ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండలో స్కూటరు డిక్కీలో పెట్టి తెచ్చిన టీకాను వేయించినా వేయించనట్టే. ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కు పట్టుకెళ్లండి.

పార్వో అనేది కుక్కపిల్లల్లో రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. ఇది మనుషులకు అంటదు. అయితే ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. పోయిన ఏడు ఒక పిల్ల ఇలా చనిపోయిన వాకిట్లోకి ఈ ఏడు ఇంకో పిల్లను టీకా లేకుండా తెస్తే అదీ పోవచ్చు. "మా ఇంట కుక్క అచ్చిరాదు" అని చాలామంది అనేది ఇలాంటి సందర్భాల్లోనే. అచ్చిరాకపోవడం కాదు, నేలలో జబ్బు మిగిలిపోవడం. పాత గిన్నె, గోనె, గొలుసు వాడవద్దు. గచ్చును ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం, ముప్పై వంతుల నీళ్లు కలిపి కడగండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో ఈ టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున నాలుగు నెలల వయసు వరకు వేయించాలి. ఆ మోతాదులు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దాన్ని వదలవద్దు.

ఇదే టీకాలో చాలావాటిలో ఎలుకల జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, నుంచి రక్షణ కూడా కలిపి ఉంటుంది. నీళ్లు నిలిచే వరి నేలల్లో ఉండే మనకు ఇది అవసరం. ఈ క్రిమి ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంలో ఉంటుంది, తడి నేలలో నానిన కాళ్ల పగుళ్ల గుండా మనిషికి చేరుతుంది. జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం, కామెర్లు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఇంట్లో కుక్క ఉందనీ, దానికి జబ్బు చేసిందనీ డాక్టరుగారికి మీరే చెప్పండి.

ఊళ్లో కుదరని పెద్ద చికిత్సలకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. 1998లో మొదలైన ఈ కళాశాల ఆసుపత్రిలో చిన్న జంతువులకూ వైద్యం చేస్తారు. గుడివాడ వారికి అది దగ్గరే. నాగాయలంక, కోడూరు వారికి మాత్రం పూట గడిచే ప్రయాణం. జబ్బు చేసిన కుక్కను బస్సులో ఎక్కించుకోకపోవచ్చు గనుక అంత దూరం దేనిమీద తీసుకెళ్తారో ముందే అనుకోండి.

పన్నెండేళ్ల మాట

కుక్క పది నుంచి పద్నాలుగేళ్లు బతుకుతుంది. ఆరో తరగతి పిల్లవాడు అడిగాడని తెచ్చుకున్న కుక్కకు అయిదేళ్లు వచ్చేసరికి వాడు విజయవాడలో ఇంటర్ హాస్టల్లో ఉంటాడు. పదేళ్లు వచ్చేసరికి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తుంటాడు. ఫోనులో "టామీకి అన్నం పెట్టారా?" అని అడుగుతాడు. ముప్పై కిలోల కుక్కను గొలుసు పట్టుకొని కాలువ గట్టుకు నడిపించేది మాత్రం మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. కాబట్టి కుక్కపిల్ల కావాలన్న కోరిక పిల్లలదైనా, ఒప్పుకోవలసింది ఇంట్లో నిలకడగా ఉండే పెద్ద మనిషి. ఆ మనిషి మనస్ఫూర్తిగా "సరే" అనకపోతే తేవద్దు.

మొదటి నెలలో ఎవరు ఏం చేస్తారో కూడా పంచుకోండి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు, రాత్రి కూడా ఒకసారి లేవాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో తొమ్మిది గంటలు కట్టేసిన పిల్ల అరిచి అరిచి, పెద్దయ్యాక కరిచే కుక్క అవుతుంది. ఆదివారం ఆరాధనకు అందరూ వెళితే ఆ మూడు గంటలు దాన్ని ఎవరు చూస్తారో కూడా అనుకోవాలి.

ఆడపిల్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఊరకుక్కల పిల్లల్లో మగవి ముందు పోతాయి, ఆడవి మిగులుతాయి. తెచ్చుకున్న తరువాత "ఎదకు వస్తే గోల" అని అయిదారు నెలలకు మార్కెట్ దగ్గరో కాలువ గట్టునో వదిలేసేవారున్నారు. టీకాలు ఆగిపోయి, మనుషుల చేతి తిండికి అలవాటుపడిన ఆ కుక్క ఏడాది తిరిగేసరికి అదే వీధిలో పిల్లల్ని పెడుతుంది. పిల్లల్ని కాపాడుకునే తల్లికుక్క దగ్గరకు వెళ్లిన పసివాళ్లకు కాటు తప్పదు. ఆరు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించగలమా అని ముందే డాక్టరుగారిని అడిగి, చేయించగలమనుకుంటేనే తెచ్చుకోండి. చేయించగలిగితే ఆడకుక్క మగదానికి ఏమాత్రం తీసిపోదు.

ఎలాంటి పిల్ల?

2003లో ఒక సెల్‌ఫోను కంపెనీ ప్రకటనలో చిన్నపిల్లవాడి వెంట నడిచిన పగ్ కుక్కను చూసి దేశమంతా ఆ జాతి కోసం ఎగబడింది. ఆ తరువాత మంచు ప్రాంతాల హస్కీల మోజు వచ్చింది. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, రొప్పుతూ నాలుక మీది తడి ఆరడం ద్వారా చల్లబడుతుంది. సముద్రపు తేమ ఉన్న గాలిలో ఆ తడి త్వరగా ఆరదు. మూతి అణగిపోయిన పగ్‌కు రొప్పడమే కష్టం, హస్కీకి ఒంటిమీద రెండు వరుసల బొచ్చు. బందరు మే నెల వాటికి శిక్ష. వడగాడ్పుకు వందల మంది మనుషులే చనిపోయిన 2015 లాంటి ఎండాకాలంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం అలాంటి కుక్క పరిస్థితి ఊహించండి. మన నాటు పిల్ల ఈ ఎండకూ ఈ తేమకూ పుట్టినది, దానికి డబ్బు పెట్టనక్కరలేదు. ఆ డబ్బు టీకాలకు వస్తుంది.

తుపాను కబురు వచ్చినప్పుడు

1977 నవంబరు 19 గుర్తున్నవారికి ఈ భాగం ఎందుకు రాస్తున్నామో చెప్పనక్కరలేదు. ఆ రాత్రి దివిసీమలో వేల మంది మనుషులతో పాటు కట్టుకొయ్యల దగ్గరే లెక్కలేనన్ని పశువులు పోయాయి. 2009 అక్టోబరులో కృష్ణ వరద, 2013 నవంబరులో బందరు దగ్గరే తీరం దాటిన హెలెన్ తుపాను, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ చరిత్రలోనే ఎన్నడూ లేనంత వరద మళ్లీ మళ్లీ మన ఇళ్లను ఖాళీ చేయించాయి. కుక్కను తెచ్చుకునే ముందే ఇల్లు వదిలి వెళ్లవలసి వస్తే అది ఎక్కడికి వెళుతుందో అనుకోవాలి. పునరావాస కేంద్రంలో పసిపిల్లల మధ్య పడుకోబెట్టనివ్వరు. మెరక మీద ఉన్న బంధువుల ఇల్లు ఏది? వాళ్లు సరేనన్నారా? తలుపున్న గంప గాని పంజరం గాని ఒకటి ఉందా? చిన్నప్పటి నుంచే అప్పుడప్పుడు అందులో పడుకోబెట్టి అలవాటు చేస్తే ఆ రోజు పెనుగులాడదు. టీకా కార్డును రేషన్ కార్డుతో పాటు అదే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. తీసుకెళ్లడానికి ఏ విధంగానూ వీలు కాకపోతే కనీసం గొలుసు విప్పి వెళ్లండి. కట్టేసి మాత్రం వెళ్లవద్దు.

ఇప్పుడు వద్దనుకుంటే

ఇదంతా చదివి "ఈ ఏడాదికి మావల్ల కాదు" అనుకున్న కుటుంబాలు కూడా ఉంటాయి. అదీ మంచి నిర్ణయమే. పిల్లల సరదా తీరడానికి, వారు పూచీ ఎంతవరకు మోస్తారో చూడడానికి ఒక దారి ఉంది. మీ వీధిలో ఎవరికీ హాని చేయకుండా తిరిగే కుక్క ఒకటి ఉంటుంది. పెద్దలు దగ్గర ఉండి రోజూ ఒకే వేళకు, ఒకే చోట, పిల్లల చేత గిన్నెలో అన్నం పెట్టించండి. చేత్తో పెట్టనివ్వవద్దు, తింటున్నప్పుడు ముట్టుకోనివ్వవద్దు. మూడు నెలలు ఒక్క రోజు తప్పకుండా పెట్టగలిగితే ఆ పిల్లవాడికి కుక్కపిల్లను నమ్మి ఇవ్వవచ్చు.

ఆ వీధి కుక్కకూ టీకా వేయించవచ్చు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించి బతికించాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జులై 6న మన రాష్ట్రంలో పశువుల ఆసుపత్రుల దగ్గర కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. కుక్కల వల్ల మనుషులకు వచ్చే రేబిస్‌ను 2030 నాటికి లేకుండా చేయాలని 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రణాళిక కూడా వేసింది. ఊళ్లో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే వాటి మధ్య ఈ జబ్బు పాకడం ఆగిపోతుంది. మీరు అన్నం పెట్టి మచ్చిక చేసుకున్న కుక్కను జులై 6న గొలుసుతో అక్కడికి తీసుకెళ్లడం వల పట్టుకొని తిరిగే వారికన్నా మీకే తేలిక. ఉదయం ఎండెక్కక ముందే వెళ్లండి. వేసిన తేదీ రాయించుకున్న కార్డు మీ ఇంట్లోనే భద్రపరచండి. ఆ వీధిలో ఎవరిని అది గీరినా, కరిచినా ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ కార్డు వెంట తెండి.